రెస్టారెంట్‌కు ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: తక్కువ ఖర్చులో, రద్దీకి తట్టుకునేది ఎంచుకోవడం ఎలా?

రెస్టారెంట్ పెట్టినవాళ్లు, పెట్టబోతున్నవాళ్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఫ్రీగా వచ్చేది ఏదైనా ఉందా?" ఉంది. ఒకటి కాదు, మంచివే నాలుగైదు ఉన్నాయి. అయితే వాటి పేర్లు చెప్పేముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

నేను దగ్గరుండి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించిన ఒక రెస్టారెంట్‌లో, శనివారం రాత్రి టేబుళ్లన్నీ నిండి ఉన్నాయి. వంటగది ప్రింటర్‌లో కాగితం చుట్ట అయిపోయింది. చుట్ట మార్చడానికి అర నిమిషం చాలు. కానీ అయిపోయిందన్న సంగతి కౌంటర్ దగ్గర ఎవరికీ తెలియలేదు. స్క్రీన్ మీద ప్రతి ఆర్డర్ పక్కనా 'వెళ్లింది' అన్న గుర్తే పడుతోంది. వంటవాళ్లేమో ఆర్డర్లు కాస్త తగ్గాయనుకున్నారు. పావుగంట తర్వాత మూడు టేబుళ్ల వాళ్లు ఒకేసారి "మాది ఏమైంది?" అని అడిగేదాకా విషయం బయటపడలేదు. చుట్ట మార్చాక కూడా పాత కేఓటీలు (వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీలు) రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్ ప్రింటర్‌కు ఒకసారి పంపేసి, అక్కడ చేరిందో లేదో చూసుకునేది కాదు. వెయిటర్లు టేబుల్ టేబుల్‌కూ వెళ్లి, మళ్లీ అడిగి రాసుకున్నారు.

ఆ సాఫ్ట్‌వేర్ ఫీచర్ల పట్టికలో 'కిచెన్ ప్రింటింగ్' పక్కన టిక్కు ఉంది. అది అబద్ధమూ కాదు. అప్పటినుంచి నేను ఆ పట్టికలు చూసి ఎంచుకోవడం మానేశాను. రద్దీ వేళ ఏదో ఒకటి చెడుతుంది. చెడినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది, దాన్ని ఎవరు సరిచేస్తారు అన్నవే ముందు చూడాల్సినవి.

1. ముందు ఆర్డర్ దారి గీయండి

కంప్యూటర్ జోలికి పోకుండా ఒక కాగితం తీసుకోండి. కస్టమర్ లోపలికి వచ్చినప్పటినుంచి రాత్రి గల్లా మూసేదాకా ఒక ఆర్డర్ ఎవరెవరి చేతులు మారుతుందో గీయండి. కౌంటర్ దగ్గరే చెప్పి, డబ్బు కట్టి, టోకెన్ తీసుకునే పద్ధతా? టేబుల్ దగ్గర కూర్చుని, తినేసి, చివర్లో బిల్లు అడిగే పద్ధతా? పార్సిల్ ఎంత, ఫోన్ ఆర్డర్లు ఎన్ని? కేఓటీ ఒకే వంటగదికి వెళ్లాలా, లేక పానీయాలు ఒకచోటికి, వేడి వంటలు ఇంకోచోటికి విడిపోయి వెళ్లాలా?

ఇది గీస్తే సగం సాఫ్ట్‌వేర్లు వాటంతట అవే తప్పుకుంటాయి. దుకాణాల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌లో బిల్లు మొదలైతే ముగిసిపోవాల్సిందే, వస్తువు స్కాన్ చేశాం, డబ్బు తీసుకున్నాం, అయిపోయింది. టేబుల్ సర్వీసులో బిల్లు గంటన్నర తెరిచే ఉంటుంది. మధ్యలో రెండు ఐటమ్‌లు కలుస్తాయి, ఒకటి వెనక్కి వెళ్తుంది, వాళ్లు కిటికీ పక్క టేబుల్‌కు మారతారు, చివర్లో నలుగురూ విడివిడిగా కడతామంటారు. ఇవన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కు పుట్టుకతోనే తెలిసి ఉండాలి. తర్వాత అతికిస్తే అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

గీసిన దాన్నిబట్టి రెండు జాబితాలు రాయండి. ఒకటి 'లేకపోతే రేపు కౌంటర్ తెరవలేం' అన్నవి. రెండోది 'ఉంటే బాగుంటుంది' అన్నవి. మొదటిదాంట్లో ఏడెనిమిదికి మించి ఉన్నాయంటే మీరు రెండూ కలిపేస్తున్నట్టే. చాలామంది మొదటి జాబితాలోనే వంటకాలవారీ స్టాక్ రాస్తారు. ఒక ప్లేటు అమ్మితే ఇన్ని గ్రాముల సరుకు తగ్గాలి అని. ఆశ మంచిదే. కానీ ప్రతి వంటకానికీ కొలతలు ఎక్కించి, వృథా అయింది కూడా రోజూ రాసే మనిషి లేకపోతే ఆ అంకెలు రెండు వారాల్లో పనికిరాకుండా పోతాయి. మొదటి ఏడాది దాని కోసం సాఫ్ట్‌వేర్ ఎంచుకోవద్దని నా సలహా.

2. 'ఫ్రీ' వేరు, 'ఓపెన్ సోర్స్' వేరు

డబ్బు తీసుకోని యాప్‌లు చాలా ఉన్నాయి. లాయ్‌వర్స్ లాంటివి మొదలుపెట్టడానికి ఉచితమే, కానీ వాటి కోడ్ మీ చేతికి రాదు. రేపు షరతులు మారితే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఏ లైసెన్సులకు ఈ పేరు తగుతుందో ఒక జాబితా ఉంచుతుంది. 'కోడ్ చూడొచ్చు' అని మాత్రమే రాసి, వ్యాపారానికి వాడొద్దనే లైసెన్సులు కూడా ఉంటాయి. అవి ఈ కోవలోకి రావు.

మీరు ఎక్కువగా చూసే లైసెన్సులు ఎంఐటీ, జీపీఎల్, ఎల్‌జీపీఎల్, ఏజీపీఎల్. సొంత రెస్టారెంట్‌లో వాడుకోవడానికి ఇవన్నీ అనుమతిస్తాయి. తేడా మార్చి ఇతరులకు ఇచ్చేటప్పుడు వస్తుంది. ఎంఐటీ దాదాపు ఏ పట్టింపూ పెట్టదు. జీపీఎల్ అయితే మీరు మార్చిన ప్రోగ్రామ్‌ను ఎవరికైనా ఇచ్చినప్పుడు ఆ కోడ్ కూడా ఇవ్వమంటుంది. ఎల్‌జీపీఎల్ దాని సడలించిన రూపం. ఏజీపీఎల్ జీపీఎల్ కంటే ఇంకో అడుగు ముందుకేసి, మార్చినదాన్ని నెట్ ద్వారా ఇతరుల చేత వాడించినా కోడ్ అందుబాటులో పెట్టమంటుంది. ఒక్క రెస్టారెంట్ నడిపేవాళ్లకు ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చూడండి. ఏ వెర్షన్ ఓపెన్ సోర్స్? సాంబాపాస్ అనే టర్కీ సాఫ్ట్‌వేర్ మూడో వెర్షన్ జీపీఎల్ కింద ఉంది, ఆ తర్వాతి వెర్షన్లు కావు. పాత వ్యాసాలు చదివి 'ఇది ఓపెన్ సోర్స్' అనుకుని కొత్తది దించుకుంటే మీరు అనుకున్నది వేరు, తెచ్చుకున్నది వేరు. అలాగే 'కమ్యూనిటీ' (ఉచితంగా వచ్చేది), 'ఎంటర్‌ప్రైజ్' (డబ్బు కట్టాల్సింది) అని రెండు రకాలున్న చోట మీ మొదటి జాబితాలోని ప్రతి అంశమూ కమ్యూనిటీలోనే ఉందో లేదో ఒక్కొక్కటే సరిచూసుకోండి. డెమోలో చూపించేది ఎక్కువసార్లు ఎంటర్‌ప్రైజే.

3. పేర్లు, వాటి స్వభావాలు

ఓడూ. అమ్మకాలు, అకౌంట్లు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. బెల్జియంలో 2005లో టైనీఈఆర్‌పీగా మొదలై, ఓపెన్‌ఈఆర్‌పీగా మారి, 2014లో ఈ పేరు పెట్టుకుంది. కమ్యూనిటీ ఎడిషన్ ఎల్‌జీపీఎల్ కింద వస్తుంది. రెస్టారెంట్ మాడ్యూల్ అందులోనే ఉంది. హాలు పటం గీసుకుని టేబుళ్లు అమర్చుకోవడం, ఆర్డర్‌ను ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు మార్చడం, బిల్లు విడగొట్టడం, ఐటమ్ రకాన్నిబట్టి వేరువేరు వంటగది ప్రింటర్లకు పంపడం అన్నీ చేస్తుంది. వంటగదిలో కాగితం బదులు స్క్రీన్ పెట్టుకునే సొంత ఏర్పాటు మాత్రం ఎంటర్‌ప్రైజ్ వైపు ఉంది. ఇంకో సంగతి, ఓడూ ఏటా కొత్త వెర్షన్ తెస్తుంది, ఒక్కోదాన్ని సుమారు మూడేళ్లు చూసుకుంటుంది. కమ్యూనిటీ వాళ్లకు పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారే పని సొంతంగా పడుతుంది. దానికి ఓపెన్‌అప్‌గ్రేడ్ అనే కమ్యూనిటీ ప్రాజెక్టు ఉంది కానీ అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. పెద్ద వంటగది, రెండు మూడు కౌంటర్లు, ఎప్పటికైనా అకౌంట్లు కూడా ఒకేచోట ఉండాలనుకునేవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే.

ఫ్లోరియంట్ పాస్. మొదటినుంచీ రెస్టారెంట్ కోసమే రాసింది, జావాలో నడుస్తుంది, విండోస్ మీదా లినక్స్ మీదా పనిచేస్తుంది. డేటాబేస్ దానితోపాటే వస్తుంది కాబట్టి ఒక మధ్యాహ్నంలో పెట్టి చూడొచ్చు. టచ్ స్క్రీన్ మీద పెద్ద బటన్లు. ఒకే కౌంటర్, నెట్ మీద ఆధారపడని చోటు అయితే ఇది చూడదగ్గది.

యూనిసెంటా ఓపాస్ వంశవృక్షం చూస్తే ఓపెన్ సోర్స్ వల్ల కలిగే మేలు ఏమిటో కళ్లకు కడుతుంది. టీనాపాస్ అనే చిన్న ప్రోగ్రామ్ లిబ్రేపాస్ అయింది, దాన్ని ఓపెన్‌బ్రావో అనే కంపెనీ తీసుకుంది, ఆ తర్వాత దాని కోడ్ నుంచే యూనిసెంటా, దాని నుంచి క్రోమిస్ పుట్టాయి. పేర్లు మారాయి, చేతులు మారాయి, కోడ్ మాత్రం బతికింది. దుకాణానికీ రెస్టారెంట్‌కూ రెండింటికీ కుదిరేలా ఉంటుంది, టేబుళ్ల పటమూ ఉంది.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో బిల్లింగ్ స్క్రీన్ ఉంది, అకౌంట్లు, కొనుగోళ్లు బలంగా ఉన్నాయి. టేబుళ్లు, కేఓటీలు కావాలంటే దాని మీద కట్టిన యూరీ లాంటి అనుబంధం పెట్టుకోవాలి. టేస్టీఇగ్నైటర్ ఆన్‌లైన్ ఆర్డర్లకు, టేబుల్ రిజర్వేషన్లకు బాగుంటుంది, కౌంటర్ బిల్లింగ్ దాని ప్రధాన పని కాదు. 'ఓపెన్ సోర్స్ పాయింట్ ఆఫ్ సేల్' అనే పేరుతోనే ఒకటి ఉంది, పేరు చూసి చాలామంది అక్కడికే వెళ్తారు. అది ప్రధానంగా దుకాణాల కోసం రాసింది.

వీటిలోంచి రెండే ఎంచుకోండి. మూడోది పెడితే పరీక్షించే ఓపిక అయిపోతుంది.

4. ఆ ప్రాజెక్టు బతికే ఉందా?

ఎంచుకున్న రెండింటి కోడ్ గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లోనో మరోచోటో ఉంటుంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా అక్కడ చూసి తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి. చివరి రిలీజ్ ఎప్పుడు వచ్చింది? గత ఆరు నెలల్లో మార్పులు చేసినవాళ్లు ఒక్కరేనా, పదిమందా? ఒక్కరే అయితే ఆయనకు వేరే ఉద్యోగం దొరికిన రోజు మీ బిల్లింగ్ అనాథ అవుతుంది. మెచ్చినవాళ్లు నొక్కే స్టార్‌ల సంఖ్యకు విలువ ఇవ్వకండి, అది ఎన్నేళ్లయినా పెద్దగా తగ్గదు.

అక్కడే 'ఇష్యూస్' అనే పేజీ ఉంటుంది, వాడేవాళ్లు చెప్పుకున్న కష్టాలన్నీ అందులోనే. ఆ వెతుకు పెట్టెలో ప్రింటర్, డూప్లికేట్, ఆఫ్‌లైన్, పన్ను అనే మాటలు ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. ఫిర్యాదులు ఉండటం తప్పు కాదు, వాడుతున్నారన్నమాట. వాటికి జవాబు ఎన్ని రోజుల్లో వచ్చింది, ఎలాంటి జవాబు వచ్చింది అన్నది చదవండి. 'మాకూ ఇదే సమస్య' అని పదిహేను మంది రాసి, రెండేళ్లుగా ఎవరూ పలకని ప్రింటర్ ఫిర్యాదు కనిపిస్తే నేను అక్కడితో ఆగిపోతాను.

5. ప్రింటర్, గల్లా పెట్టె: గొడవలన్నీ ఇక్కడే

రెస్టారెంట్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ప్రింటర్ దగ్గరే అని నా అనుభవం. అందుకే ఈ భాగం నెమ్మదిగా చదవండి.

బిల్లు ప్రింటర్లలో చాలావాటికి ఎప్సన్ తయారుచేసిన ఈఎస్‌సీ-పీఓఎస్ అనే ఆదేశాల భాష అర్థమవుతుంది. కొనేటప్పుడు ఆ మాట పెట్టె మీద ఉందో లేదో చూడండి. ఉంటే ఈ సాఫ్ట్‌వేర్లలో దేనితోనైనా కుదిరే అవకాశం ఎక్కువ. కాగితం వెడల్పు రెండు రకాలు: 80 మిల్లీమీటర్లు, 58 మిల్లీమీటర్లు. మామూలు అక్షరాల్లో 80లో లైనుకు 48 అక్షరాలు, 58లో 32 పడతాయి. వంటకం పేరు, సంఖ్య, ధర, మొత్తం ఒకే లైనులో రావాలంటే 32 సరిపోవు, లైను విరిగి బిల్లు చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది. కౌంటర్‌కు 80 తీసుకోండి.

వంటగదికి వేరే ఆలోచన కావాలి. థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, అక్షరాలు పడేదే వేడితో కదా. పొయ్యి పక్కన వేలాడదీసిన కేఓటీ కాసేపటికి చదవలేకుండా పోతుంది. ప్రింటర్‌ను పొయ్యికి దూరంగా పెట్టండి, లేదా రిబ్బన్‌తో గుద్ది రాసే ఇంపాక్ట్ ప్రింటర్ తీసుకోండి. అది చేసే చప్పుడు వంటగదిలో వరమే, ఆర్డర్ వచ్చిందని తల తిప్పకుండానే తెలుస్తుంది. థర్మల్ అయితే గంట మోగించే ఏర్పాటు ఉందేమో చూడండి.

వంటగది ప్రింటర్‌ను వైఫై మీద నడపకండి. నెట్‌వర్క్ కేబుల్ వేయించండి, దానికి మారని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇప్పించండి. ఇలాంటి ప్రింటర్లు సాధారణంగా 9100 అనే పోర్టు (ఆదేశాలు అందుకునే ద్వారం నంబర్) మీద వింటాయి. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు ప్రింటర్ అడ్రస్ మారిపోతే సాఫ్ట్‌వేర్ పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. ఉదయం అంతా బాగుండి సాయంత్రం హఠాత్తుగా ప్రింట్ ఆగిపోయిందంటే నేను మొట్టమొదట చూసేది ఇదే.

గల్లా పెట్టెకు సాధారణంగా కంప్యూటర్‌తో నేరుగా సంబంధం ఉండదు, అది ప్రింటర్ వెనక ఫోన్ తీగలాంటి కేబుల్‌తో కలుస్తుంది. బిల్లు కొట్టగానే ప్రింటర్ చిన్న విద్యుత్ తాకిడి పంపి పెట్టె తెరుస్తుంది. అందుకే పెట్టె, ప్రింటర్ రెండూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో అడిగి కొనండి.

ఇక అక్షరాల సంగతి. బిల్లు మీద తెలుగు కావాలనుకుంటే మామూలుగా పంపితే ప్రశ్నార్థకాలో, డబ్బాలో వస్తాయి. ఈ ప్రింటర్లలో ఉండే అక్షరాల పట్టికలు ఒక్కో గుర్తును ఒక్కో గడిలో అచ్చువేయడానికి చేసినవి. ఒత్తులు, గుణింతాలు కలిపి ఒకే రూపం కట్టడం వాటికి రాదు. దారి ఒక్కటే, సాఫ్ట్‌వేర్ మొత్తం బిల్లును బొమ్మగా మార్చి పంపాలి. బ్రౌజర్‌లో నడిచేవి ఈ పని తేలిగ్గా చేస్తాయి. వంటగదిలోవాళ్లు తెలుగు మాత్రమే చదవగలిగితే ఇది మీ మొదటి జాబితాలోకి రావాల్సిన అంశం. పొరపాటు వంటకం వండి పారేసే కంటే ముందే 'ఉల్లి వద్దు' అన్న మాటను వాళ్ల లిపిలో అచ్చు తీసి చూడండి.

6. 'ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది' అంటే ఏమిటో అడగండి

ఈ మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. నెట్ పోయినా బిల్లు కొట్టొచ్చు అన్నది ఒకటి. నెట్ పోయినా వంటగదికి కేఓటీ వెళ్తుంది అన్నది రెండోది. నెట్ పోయినా వెయిటర్ చేతిలోని ట్యాబ్, కౌంటర్ స్క్రీన్ ఒకే టేబుల్‌ను ఒకేలా చూపిస్తాయి అన్నది మూడోది. మొదటిది చాలావాటిలో ఉంటుంది. మూడోది ఉండాలంటే సర్వర్ (డేటా అంతా ఉండే కంప్యూటర్) మీ రెస్టారెంట్ లోపలే ఉండాలి.

అందుకే టేబుల్ సర్వీసు ఉన్నచోట సర్వర్‌ను లోపలే పెట్టమంటాను. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) ఉన్న మామూలు చిన్న కంప్యూటర్, దానికీ రౌటర్‌కూ ప్రింటర్‌కూ కలిపి ఒక యూపీఎస్ చాలు. రౌటర్‌ను యూపీఎస్‌కు తగిలించడం మరిచిపోయి, కరెంటు పోగానే కంప్యూటర్ వెలుగుతూ ఉన్నా ఏదీ కదలని చోట్లు చూశాను. కౌంటర్ పద్ధతి, ఒక్క బిల్లింగ్ యంత్రమే ఉంటే సర్వర్ క్లౌడ్‌లో ఉన్నా ఫర్వాలేదు. ఆ యంత్రంలో రెండో దారిగా మొబైల్ డేటా పెట్టుకోండి.

బ్యాకప్ ఎక్కడికి పోతుందో ఇప్పుడే తేల్చుకోండి. డేటాకు మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి మాత్రం భవనం బయట. రోజూ రాత్రి దానంతట అదే జరగాలి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి నిన్నటి అమ్మకం మొత్తం సరిగ్గా కనిపిస్తోందో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

7. పన్ను, చట్టం, కార్డులు

మీ దేశంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యేక నియమాలు ఉన్నాయేమో మీ అకౌంటెంట్‌ను ముందే అడగండి. ఉదాహరణకు ఫ్రాన్స్‌లో 2018 నుంచి, అమ్మకం లెక్కలను తర్వాత మార్చే వీలు లేకుండా సాఫ్ట్‌వేర్ ఉండాలని చట్టం ఉంది. జర్మనీలో 2020లో అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం ప్రతి లావాదేవీకీ సంతకం చేసే భద్రతా పరికరం కావాలి. కోడ్ మీరే మార్చుకోగలగడం ఇలాంటి చోట్ల అడ్డంకి కూడా కావచ్చు.

పన్ను రౌండింగ్ చిన్న విషయంలా కనిపిస్తుంది. 3.35 విలువైన ఐటమ్‌లు మూడు, పన్ను 5 శాతం అనుకోండి. ఒక్కో లైనుకు పన్ను 0.1675, అంటే 0.17. మూడింటికి 0.51. అదే మొత్తం 10.05 మీద ఒకేసారి లెక్కేస్తే 0.5025, అంటే 0.50. రోజుకు వందల బిల్లులు పోగయ్యాక మీ సాఫ్ట్‌వేర్ అంకెకూ అకౌంటెంట్ అంకెకూ తేడా ఇక్కడే మొదలవుతుంది. ఏ పద్ధతి కావాలో సెట్టింగ్‌లో మార్చుకునే వీలుందా, ధరలో పన్ను కలిపి చూపించే వీలుందా అన్నవి చూడండి.

కార్డుల విషయంలో ఒకే మాట: కార్డు నంబర్ మీ బిల్లింగ్ కంప్యూటర్‌ను తాకకూడదు. బ్యాంకు ఇచ్చే విడి యంత్రంలో కార్డు తీసుకుని, బిల్లింగ్‌లో 'కార్డు' అని నమోదు చేయండి. రెండూ కలిపితే సౌకర్యమే కానీ పీసీఐ డీఎస్‌ఎస్ అనే కార్డు భద్రతా ప్రమాణాల బరువు మీ మీద పెరుగుతుంది.

8. ఖర్చు మూడేళ్లకు లెక్కేయండి

లైసెన్సు దగ్గర సున్నా రాయండి, కింద మిగతావి రాయండి. యంత్రాలు, కేబుళ్లు, యూపీఎస్. పెట్టించే పని. మెనూ ఎక్కించే పని, ఇది అనుకున్నదానికి రెట్టింపు సమయం తీసుకుంటుంది. సిబ్బందికి నేర్పే గంటలు. క్లౌడ్ అయితే నెలవారీ అద్దె. వెర్షన్ మార్పులు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏదైనా ఆగితే ఫోన్ ఎత్తే మనిషి.

ఆ మనిషి పేరు ముందు తేల్చుకోండి. మీ కుటుంబంలోవాళ్లు కావచ్చు, నెలకు ఇంత అని ఒప్పుకున్న టెక్నీషియన్ కావచ్చు, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే డబ్బు తీసుకుని ఇచ్చే సపోర్ట్ కావచ్చు. పేరు రాయలేకపోతే, నెలకింత కట్టించుకునే మామూలు సాఫ్ట్‌వేరే మీకు చవక పడుతుంది. ఓపెన్ సోర్స్ అంటే ప్రాణం పెట్టేవాణ్ణి, అయినా ఈ మాట నిజాయితీగా చెప్పాలి. లైసెన్సులో మిగిలిన డబ్బులో కొంత ఆ మనిషికి కేటాయించినవాళ్లే సంతోషంగా ఉన్నారు.

9. ఒక ఉత్తుత్తి శనివారం రాత్రి నడపండి

రెండు సాఫ్ట్‌వేర్లలోనూ మీ మెనూలోంచి ముప్పై ఐటమ్‌లు ఎక్కించండి. మధ్యాహ్నం ఖాళీ వేళలో సిబ్బందిని కూర్చోబెట్టి, సగంమంది కస్టమర్లు, సగంమంది వెయిటర్లుగా నడపండి. కంప్యూటర్ అంటే బెరుకున్న మనిషినే కౌంటర్‌లో పెట్టండి. చురుకైన కుర్రాడు ఏదైనా వాడేస్తాడు, దానివల్ల మీకు తెలిసేదేమీ లేదు. ఈ వరుసలో చేయించండి:

1. ఆరుగురి టేబుల్‌కు ఆర్డర్ తీసుకోవాలి, రెండు ఐటమ్‌లకు ప్రత్యేక సూచనలు ఉండాలి. ఎన్నిసార్లు నొక్కాల్సి వచ్చిందో లెక్కపెట్టండి.
2. కేఓటీ వెళ్లాక ఒక ఐటమ్ రద్దు చేయాలి. వంటగదిలో 'రద్దు' అన్న కాగితం వచ్చిందా? రద్దు చేసింది ఎవరో రికార్డులో పడిందా?
3. ఆ టేబుల్‌ను వేరే చోటికి మార్చి, ఇంకో టేబుల్‌తో కలపాలి.
4. బిల్లును మూడు ముక్కలు చేయాలి. ఒకరు నగదు, ఒకరు కార్డు, మూడోవాళ్లు కొంత నగదు కొంత కార్డు.
5. మధ్యలో చెప్పకుండా వంటగది ప్రింటర్ కాగితం చుట్ట తీసేయండి. కౌంటర్‌లో హెచ్చరిక వచ్చిందా? చుట్ట పెట్టాక ఆగిన కేఓటీలు వచ్చాయా, రెండేసి వచ్చాయా?
6. నెట్ తీగ పీకండి, పది నిమిషాలు నడపండి, మళ్లీ పెట్టండి. బిల్లు నంబర్లు వరుసగా ఉన్నాయా?
7. సర్వర్ కంప్యూటర్ ప్లగ్గు పీకండి. తిరిగి లేచాక తెరిచి ఉన్న టేబుళ్లు ఉన్నాయా?

ఈ ఏడింటిలో మొదటి నాలుగు సౌకర్యానికి, చివరి మూడు ప్రాణానికి. ఐదో దాంట్లో తప్పిన సాఫ్ట్‌వేర్ మిగతావాటిలో ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

పరీక్ష అయ్యాక రోజు చివరి రిపోర్టు తీయండి. గల్లాలో ఉండాల్సిన నగదు, పన్ను మొత్తం, డిస్కౌంట్లు, రద్దులు, బిల్లు లేకుండా పెట్టె తెరిచిన సందర్భాలు, ఇవన్నీ ఒక్క పేజీలో రావాలి. డబ్బు పోయే దారులు ఎక్కువగా రద్దులు, డిస్కౌంట్ల దగ్గరే ఉంటాయి. కేఓటీ వెళ్లాక రద్దు చేసే అధికారం, బిల్లు మళ్లీ ప్రింట్ చేసే అధికారం మేనేజర్ పిన్ కింద పెట్టే వీలు ఉండాలి. ఒకే పాస్‌వర్డ్ అందరూ వాడే పద్ధతి మొదటి రోజునుంచే వద్దు. తప్పు ఎవరిదో తెలియకపోతే అనుమానం అందరి మీదా పడుతుంది, నిజాయితీగా చేసేవాళ్లకు అది కష్టం.

10. మారే రోజు

వారంలో అన్నిటికంటే పలచగా ఉండే రోజు ఎంచుకోండి. నెల మొదటి రోజైతే అకౌంట్లకు తేలిక. ముందురోజు రాత్రి మెనూ ధరలన్నీ ఇద్దరు మనుషులు గట్టిగా చదివి సరిచూడాలి, ఒకరు స్క్రీన్ మీద, ఒకరు అచ్చయిన మెనూలో. ఎక్కువగా అమ్ముడయ్యే పది ఐటమ్‌లు మొదటి స్క్రీన్ మీదే ఉండాలి. అక్షర క్రమంలో పేర్చకండి, చేతికి అందే క్రమంలో పేర్చండి.

మొదటి వారం పాత పద్ధతి కూడా పక్కన నడపండి, కనీసం రోజు మొత్తాలు రెండుచోట్లా సరిపోయేదాకా. ఆ వారంలో 'అప్‌డేట్' అన్న బటన్ ఎవరూ ముట్టుకోకూడదు. ఆ తర్వాత కూడా అప్‌డేట్లు వారాంతం ముందు చేయకండి, బ్యాకప్ తీసుకోకుండా చేయకండి.

కౌంటర్ సొరుగులో నంబర్లు వేసిన బిల్లు పుస్తకం ఒకటి, కార్బన్ కాగితం, రెండు పెన్నులు, అచ్చువేసిన ధరల పట్టిక ఉంచండి. అన్నీ ఆగిపోయినప్పుడు ఎవరు ఏం చేయాలో ఆరు లైన్లలో రాసి ఆ పుస్తకం అట్ట లోపల అతికించండి. ఫోన్ ఎత్తే మనిషి నంబర్ మొదటి లైను.